అరిగిన చక్రం పెరగదు: యంత్రభాగాలకు కంప్యూటరుపై రూపమిచ్చే విద్య



షోలాపూర్ పూర్వభాగంలోని వీధులలో నడిచేవారికి తెలుగు మాటకంటె ముందుగా వినిపించేది సాంచాల చప్పుడు. 1877లో ఈ నగరంలో తొలి బట్టల మిల్లు వెలసింది. నాటి నుండి తరతరాలుగా తెలంగాణ పల్లెల నేతకుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. షోలాపూర్ చద్దరు, తువ్వాలు దేశమంతటా పేరు పొందాయి. ఆ చద్దరును నేసిన చేతుల వెనుక మరికొన్ని చేతులు ఉన్నాయి. విరిగిన ఇనుప ముక్కను చూచి, కొలిచి, దానికి మారు ముక్క చేయించి, ఆగిన సాంచాను తిరిగి నడిపించే జాబర్ల చేతులవి. ఆ చేతులలోని విద్య ఏ పుస్తకంలోనూ లేదు. ఒక జాబర్ పని మానుకున్ననాడు అతని విద్య కూడా అతనితో పాటే ఇంటికి వెళ్ళిపోతుంది.

మరొక వైపున, అవే ఇండ్లలోని పిల్లలు క్యాడ్ నేర్చుకుంటామని శిక్షణ కేంద్రాలకు వెళ్తున్నారు. తల్లిదండ్రులు అప్పు చేసి ఫీజు కడుతున్నారు. తీరా మూడు నెలలు గడిచిన తరువాత ఏ బొత్తం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది గాని, చేతికి ఒక ముక్కనిచ్చి దీనికి రూపం గీయుమంటే చేయి ఆడదు. ఈ రెండు నష్టాలకూ మందు ఒకటే. కంప్యూటరు విద్యనూ జాబరు విద్యనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే ఆ మందు.

ముందుగా పారామెట్రిక్ అనే మాటకు అర్థం తెలుసుకోవాలి. పారామీటర్ అంటే మార్చడానికి వీలున్న ఒక కొలత. కాగితం మీద గీసిన బొమ్మలో గీతలు ఉంటాయి. ఆ గీతల మధ్య ఒప్పందాలు ఉండవు. పారామెట్రిక్ పద్ధతిలో గీతకంటె ఒప్పందమే ముఖ్యం. ఒక ఇనుప పట్టీని తీసుకుందాం. దాని పొడవు 120 మిల్లీమీటర్లు. రెండు చివరల నుండి 20 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు ఉన్నాయి. ఒక విద్యార్థి రెండవ రంధ్రాన్ని ఎడమ అంచు నుండి 100 మిల్లీమీటర్లని కొలత పెట్టాడు. మరొక విద్యార్థి కుడి అంచు నుండి 20 అని పెట్టాడు. తెరమీద రెండు బొమ్మలూ ఒక్కటే. రేపు పట్టీ పొడవు 150 కావలసి వస్తే, మొదటివాని రంధ్రం 100 దగ్గరే నిలిచిపోతుంది, రెండవవాని రంధ్రం అంచుతో పాటు జరుగుతుంది. ఎవరు సరిగా చేశారన్నది ఆ పట్టీ ఎక్కడ బిగుస్తుందో దానిని బట్టి ఉంటుంది. రంధ్రంలోని బోల్టు యంత్రపు దిమ్మెకు బిగిసేదైతే మొదటివాడే సరి. అంచును పట్టి ఉండవలసినదైతే రెండవవాడు సరి. కంప్యూటరుకు ఈ తేడా తెలియదు. ముక్క పనిని ఎరిగిన మనిషికే తెలుస్తుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లండ్ 1963లో స్కెచ్‌ప్యాడ్ అనే కార్యక్రమాన్ని తన పరిశోధనగా సమర్పించాడు. ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలని, ఈ రెండు పొడవులు సమానంగా ఉండాలని అందులో కంప్యూటరుకు చెప్పవచ్చును. 1985లో శామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ ఆ దశాబ్దం చివరలో ప్రో ఇంజనీర్‌ను విడుదల చేసి, ఈ పద్ధతిని కర్మాగారాలకు తెచ్చింది. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చి, సాధారణ కంప్యూటరు మీద కూడా ఈ పనిని సాధ్యం చేసింది. 2002లో మొదలైన ఫ్రీక్యాడ్‌ను ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చును, దాని 1.0 రూపం 2024 నవంబరులో వెలువడింది. పేర్లు వేరైనా లోపలి సూత్రం ఒక్కటే కనుక ఒకదానిలో సరిగా నేర్చినవారికి మరొకటి పట్టుబడడం కష్టం కాదు.

ఇక ఆ సూత్రం సాంచా దగ్గర ఎలా పనిచేస్తుందో చూడడానికి ఒక ఇంటిని మనసులో నిలుపుకుందాం. నాలుగు సాంచాలున్న ఇల్లు. కుమారుడు క్యాడ్ తరగతి ముగించి వచ్చాడు. ఒకనాడు ఒక సాంచాలో క్రాంకు షాఫ్టు మీది పళ్ళ చక్రం విరిగింది. పాత సాంచా కనుక బజారులో దానికి మారు దొరకలేదు. “నేను గీసి చేయిస్తాను” అన్నాడు కుమారుడు. ఇంటివారు సంతోషించారు.

అతడు విరిగిన ముక్కలను కలిపి పెట్టి వెర్నియర్‌తో కొలిచాడు. పళ్ళు 40. చక్రం బయటి అడ్డుకొలత 212.9 మిల్లీమీటర్లు. తరగతిలో చెప్పిన సూత్రం అతనికి గుర్తుంది: పళ్ళ సంఖ్యకు రెండు కలిపి, దానిని మాడ్యూల్‌తో గుణిస్తే బయటి అడ్డుకొలత వస్తుంది. అంటే 212.9ని 42తో భాగించాలి. 5.07 వచ్చింది. పట్టికలో దానికి దగ్గరగా ఉన్న మాడ్యూల్ 5. పాత చక్రం కదా, కొలతలో కొంత తేడా ఉండకపోదని అనుకున్నాడు. మాడ్యూల్ 5, పళ్ళు 40 అని కంప్యూటరులో పెట్టాడు. క్షణంలో అందమైన చక్రం తెరమీద నిలిచింది. చక్రం కోయించి తెచ్చి బిగించారు. చేత్తో తిప్పగానే వదులుగా ఊగింది. కరెంటు ఇవ్వగానే పన్నుకు పన్ను తగిలి టకటకమని మోగింది. రెండు నిమిషాలకే ఆపవలసి వచ్చింది. చక్రం డబ్బులు పోయాయి. సాంచా ఆగే ఉంది. తండ్రి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే కుమారునికి ఎక్కువ బాధ కలిగించింది.

సాయంత్రం ఆ వాడలోని వృద్ధ జాబరును పిలిచారు. ఆయన పాత చక్రాన్ని ఒడిలో పెట్టుకొని వేళ్ళతో పళ్ళను తడిమాడు.

“పండ్లు లెక్కవెట్టినవా బిడ్డా?”

“పెట్టిన మామా. నలభై.”

“కొత్తది ఎంత గీసినవు?”

“బయటి కొలత 210 వచ్చింది మామా. పాతది 212.9 ఉన్నది.”

ఆయన నవ్వలేదు, కోపగించలేదు. “అరిగినది తగ్గుతది గాని పెరుగుతదా బిడ్డా?” అన్నాడు.

ఆ ఒక్క మాటలో మొత్తం పాఠం ఉంది. ఇన్నేండ్లు తిరిగి అరిగిన చక్రం 212.9 ఉన్నదంటే, అది కొత్తగా ఉన్ననాడు అంతకంటె పెద్దదిగానే ఉండి ఉండాలి. 210 అనే అంకె మొదటి నుండే అసాధ్యం. కంప్యూటరు ఆ మాట చెప్పలేదు, ఎందుకంటే దానికి అరుగుదల అంటే ఏమిటో తెలియదు. పట్టికా చెప్పలేదు. ముక్కను చేతితో పట్టుకున్న మనిషి చెప్పాడు.

తరువాత ఆయన మరొక మాట అన్నాడు: “ఇది ఇంచుల సాంచా. మిల్లీమీటర్లల్ల జూస్తే దొరకది.” అంగుళాల లెక్కతో తయారైన యంత్రాలలో పళ్ళ పరిమాణాన్ని మాడ్యూల్‌తో చెప్పరు. అడ్డుకొలతలో ఒక్కొక్క అంగుళానికి ఎన్ని పళ్ళు వస్తాయో చెబుతారు. దానిని డయామెట్రల్ పిచ్ అంటారు. 25.4ను ఆ సంఖ్యతో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. కుమారుడు వెంటనే లెక్క వేశాడు. 25.4ను 5.07తో భాగిస్తే 5.01, అంటే డయామెట్రల్ పిచ్ 5. అప్పుడు మాడ్యూల్ 5 కాదు, 5.08. బయటి అడ్డుకొలత 8.4 అంగుళాలు, అంటే 213.36 మిల్లీమీటర్లు. పాత చక్రం దానికంటె అర మిల్లీమీటరు తక్కువ ఉంది. అరుగుదలకు ఆ లెక్క సరిపోయింది.

5కీ 5.08కీ తేడా చిన్నదే అనిపించవచ్చును. కాని పన్నుకూ పన్నుకూ మధ్య దూరం 15.96 మిల్లీమీటర్లు ఉండవలసిన చోట కొత్త చక్రంలో 15.71 ఉంది. పావు మిల్లీమీటరు తేడా ప్రతి పంటికీ పడుతూనే ఉంటుంది. ఆ చక్రాన్ని అలాగే నడిపి ఉంటే జత చక్రం పళ్ళు కూడా పోయేవి.

అయినా ఆయన అంతటితో తృప్తి పడలేదు. “షాఫ్టుల నడుమ ఎంత ఉన్నదో కొలువు” అన్నాడు. సాంచాలో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్రింది బాటమ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. క్రాంకు చుట్టు ఒక్కొక్కదానికి నాడె ఒకసారి దాటుతుంది. ఈ వైపు నుండి ఒకసారి, ఆ వైపు నుండి ఒకసారి నాడెను కొట్టే ఏర్పాటు రెండూ బాటమ్ షాఫ్టు మీదనే ఉంటాయి. అందుచేత పై చక్రానికి 40 పళ్ళుంటే క్రింది చక్రానికి 80 ఉండి తీరాలి. రెండింటి పళ్ళు కలిపితే 120. దానిని డయామెట్రల్ పిచ్‌కు రెట్టింపైన 10తో భాగిస్తే షాఫ్టుల మధ్య దూరం 12 అంగుళాలు కావాలి, అంటే 304.8 మిల్లీమీటర్లు. మాడ్యూల్ 5 అయితే 300 మాత్రమే కావాలి. కుమారుడు కొలిచాడు. 305కు రవ్వంత తక్కువ. అనుమానం తీరిపోయింది. పళ్ళు అరుగుతాయి గాని, చట్రంలో షాఫ్టుల చోటు అంతగా మారదు. తక్కువగా మారే కొలతతో ఎక్కువగా మారే కొలతను పరీక్షించడం ఆ పెద్దమనిషి పద్ధతి.

ఈ కథలో కుమారుని చదువు వృథా కాలేదు. ఆ రాత్రి అతడు చక్రాన్ని మళ్ళీ గీశాడు. ఈసారి ముందుగా చక్రాన్ని గీయలేదు. ఫ్రీక్యాడ్‌లో స్ప్రెడ్‌షీట్ తెరచి, పేర్లు వ్రాశాడు. పై చక్రం పళ్ళు: 40. క్రింది చక్రం పళ్ళు: దానికి రెట్టింపు. డయామెట్రల్ పిచ్: 5. మాడ్యూల్: 25.4ను పిచ్‌తో భాగించినది. షాఫ్టుల దూరం: పైవాటి నుండి వచ్చేది. ప్రతి వరుస ప్రక్కనా కారణాన్ని తెలుగులో వ్రాశాడు. ఆ తరువాతనే చక్రాన్ని ఆ పేర్లకు ముడివేశాడు. ప్రక్కింటి సాంచాలో 36 పళ్ళ చక్రం పోతే అతడు మార్చవలసినది ఒక్క అంకె. క్రింది చక్రం 72 అవుతుంది, షాఫ్టుల దూరం 10.8 అంగుళాలని తెరమీదకు వస్తుంది. ఆ దూరాన్ని సాంచా మీద కొలిచి చూస్తే సరి. కొలత కలిస్తే చక్రం కోయించవచ్చును, కలవకపోతే ఊహ తప్పని డబ్బు ఖర్చు కాకముందే తెలుస్తుంది. పారామెట్రిక్ విద్యకు అసలు ప్రయోజనం ఇదే.

నేర్చుకునేవారికి ఈ కథ నుండి ఒక క్రమం ఏర్పడుతుంది.

మొదటిది, కంప్యూటరు తెరువకముందు ముక్కను చేతిలోకి తీసుకోవడం. ఏ ముఖం దేనికి ఆనుతుంది, ఏ రంధ్రంలో ఏమి తిరుగుతుంది, ఎక్కడ అరిగింది అని అడగడం. కొలిచిన అంకెకూ ఉద్దేశించిన అంకెకూ మధ్య తేడా ఉంటుందని గుర్తుంచుకోవడం. అరిగిన ముక్క కొలతలను ఉన్నవి ఉన్నట్లు దించితే కొత్త ముక్కలో అరుగుదలను కూడా దించినట్లే.

రెండవది, కాగితం మీద చేతితో గీసి, ఏ కొలత స్వతంత్రమైనది, ఏది మరొకదానిని అనుసరించేది అని వేరుచేయడం.

మూడవది, స్కెచ్‌కు నిబంధనలు పెట్టడం. మెనూలో కంస్ట్రెయింట్ అని కనిపించేది ఇదే. ఈ గీత నిలువు, ఈ రెండు వృత్తాలకు కేంద్రం ఒక్కటే, ఈ రెండు వైపులు సమానం అని చెప్పిన తరువాతనే అంకెలు ఇవ్వాలి. అన్ని నిబంధనలు కుదిరితే ఫ్రీక్యాడ్‌లో స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ రంగు బొమ్మ కదలదని చెబుతుంది గాని, బొమ్మ సరైనదని చెప్పదు. 210 కొలత గల చక్రం కూడా ఆకుపచ్చగానే ఉండింది.

నాలుగవది, కట్టే వరుస. స్కెచ్‌లను వీలైనంత వరకు మూల తలాల మీద నిలపాలి. ఒక అంచు మీద మరొకటి, దాని మీద ఇంకొకటి ఆనించుకుంటూ పోతే, మొదటిదానిని మార్చిననాడు పైవన్నీ చెదురుతాయి. అంచులను గుండ్రం చేయడం వంటి మెరుగులు చివరకు ఉంచుకోవాలి. ఇల్లు కట్టకముందే సున్నం వేయరు కదా.

ఐదవది, పరీక్ష. ముక్క పూర్తయిన వెంటనే ఒక్కొక్క కొలతను పెంచి, తగ్గించి చూడాలి. ఒక అంకె మార్చగానే రూపం విరిగిపోతే, ఆ ఒప్పందాలలో ఎక్కడో పొరపాటు ఉన్నది. ఇక్కడ మరొక సంగతి తెలుసుకోవాలి: అన్ని సంబంధాలూ గుణకారంతో తేలవు. మెట్రిక్ ప్రమాణంలో 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు కీ వెడల్పు 8, 32 మిల్లీమీటర్ల షాఫ్టుకు 10. ఇది నిష్పత్తి కాదు, పట్టిక. పట్టిక ఉన్నచోట పట్టికనే వాడాలి.

ఆరవది, కోసేవానికి ఇచ్చే డ్రాయింగు. 25 మిల్లీమీటర్ల రంధ్రం అని మాత్రమే వ్రాస్తే ఎంతవరకు తేడా రావచ్చునో కోసేవానికి తెలియదు. హెచ్7 అని వ్రాస్తే 25.000 నుండి 25.021 వరకు అని అర్థం. చక్రమైతే మాడ్యూలా, డయామెట్రల్ పిచ్చా, పంటి వాలు 20 డిగ్రీలా, పాత పద్ధతిలో 14.5 డిగ్రీలా అన్నవి తప్పక వ్రాయాలి. వీటిని బట్టి పళ్ళు కోసే పనిముట్టే వేరవుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఐటీఐలలో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ అనే రెండేండ్ల కోర్సు ఉంది. హైదరాబాదులో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, బెంగళూరులో 1972లో ఏర్పడిన గవర్నమెంట్ టూల్ రూమ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ ఈ విద్యలో పేరున్న ప్రభుత్వ సంస్థలు. వీధి చివరి శిక్షణ కేంద్రంలో చేరేవారు ఫీజు కట్టకముందు మూడు ప్రశ్నలు అడగడం మంచిది. మొదటి ప్రశ్న: విద్యార్థి చేతికి నిజమైన ముక్కనిచ్చి వెర్నియర్‌తో, మైక్రోమీటరుతో కొలిపిస్తారా? రెండవది: గీసిన ముక్కలో కొలతలు మార్చి, నిలుస్తుందో లేదో చూపిస్తారా? మూడవది: కోసేవానికి ఇవ్వదగిన డ్రాయింగును, తేడాల పరిమితులతో సహా, తయారు చేయిస్తారా? మూడింటికీ లేదనే జవాబు వస్తే, అక్కడ నేర్పేది బొత్తాల పేర్లు మాత్రమే. వాటిని ఇంటి వద్ద ఫ్రీక్యాడ్‌లో ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చును.

ఇంగ్లీషు రాదన్న భయం కూడా కొందరిని వెనుకకు లాగుతుంది. మెనూలోని మాటలు వందకు మించి అవసరం రావు. వాటిని ఒక వారంలో గుర్తుపట్టవచ్చును. పడుగునూ పేకనూ ఎరిగిన ఇండ్లవారికి ఆలోచన క్రొత్తది కాదు. చక్రంలో ఒక పన్ను మారితే అంగుళానికి పిక్కులు మారతాయని, పిక్కులు మారితే బట్ట బరువు మారుతుందని, బరువు మారితే నూలు లెక్క మారుతుందని ఆ ఇండ్లలోని పెద్దలందరికీ తెలుసు. ఒక అంకెను కదిపితే ఏయే అంకెలు కదులుతాయో తెలిసి ఉండడమే పారామెట్రిక్ ఆలోచన.

చివరగా, పిల్లలను ఈ తరగతులకు పంపే తల్లిదండ్రులకు ఒక విన్నపం. వారానికి ఒక్క సాయంత్రమైనా ఆ పిల్లవానిని లేదా పిల్లను వాడలోని జాబరు వద్దకు పంపండి. ఆయన చెప్పే కారణాలను కొలతల ప్రక్కన వ్రాసి పెట్టుమనండి. అలా వ్రాసిన ప్రతి ఫైలులోనూ ఒక ముక్క రూపంతో పాటు ఒక మనిషి అనుభవం నిలిచి ఉంటుంది. ఆ పెద్దమనిషి రేపు పనికి రాలేకపోయినా, సాంచా ఆగిన ఇంటివారికి ఆయన మాట అందుతుంది.